ఎవరు పిలిస్తే ఆగాలి

వనజమ్మ వస్తున్నదని కింద టీ అంగడాయన కేకేసి చెప్పేలోపలే ఆమె మెట్లెక్కి పైకి వచ్చేసింది. వెంట మరిది నారాయణ, ఇంకో ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరూ లోపలికి రాలేదు. వాకిలికి చెరోపక్క నిలబడి సందులోకి చూస్తుండిపోయారు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వెనక, మేడ మీద రెండు గదుల్లో నడిచే ఆ కంప్యూటర్ సెంటరుకు పరీక్ష ఫీజులు కట్టే పిల్లలు, పెండ్లిపత్రికలు టైపు చేయించుకునేవాళ్ళు వస్తుంటారు. ఇట్లాంటి మనుషులు రావడం అదే మొదలు.

దేవకుమారి కుర్చీలోంచి లేచి గోడవైపు జరిగింది. ఆమెది దువ్వూరు దగ్గర పల్లె. ఊరి బడిలో చదువుకుని, ఏడాది కిందట ఈ సెంటరులో పనికి చేరింది. మనిషి ఉన్నదా లేదా అన్నట్టు ఉంటుంది. మాట్లాడమంటే కష్టం గానీ, చూడమంటే మాత్రం ఎంతసేపైనా చూస్తుంది.

సెంటరు యజమాని పాలయ్య సారు రిటైరైన లెక్కల అయ్యవారు. "కూర్చోండమ్మా" అని ఆయన కుర్చీ లాగాడు. వనజమ్మ కూర్చోలేదు. చంకలోని కాగితాల కట్ట తీసి బల్ల మీద పరిచింది. రాగిగుట్టపల్లె రైతు సహకార సంఘం సభ్యుల జాబితా అది. మొన్ననే ఇక్కడ అచ్చు తీసి ఇచ్చారు.

"దీంట్లో ఓబుళేసు అనే పేరు యాడుందో చూపీ సారూ" అన్నది.

పాలయ్య సారు అద్దాలు సర్దుకుని వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. ఒక పుట, రెండు పుటలు, మూడు. వేలు ఎక్కడా ఆగలేదు.

"ల్యా" అన్నాడు నారాయణ. "ఒక్కడు గూడా ల్యా. పదకొండు మంది పిల్లోళ్ళు. అందరి పేర్లూ ఓబుళేసే. పదకొండు మందినీ ఏరి ఏరి తీసినారు. ఇది మిషన్ చేసే పనా సారూ? మనిషి చేసే పనా?"

ఆ పేరు సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. జమ్మలమడుగుకూ పులివెందులకూ మధ్యన ఉన్న ఆ ఊళ్ళో ఇరవై ఏండ్ల కిందట, ఎనభై మూడులో, వనజమ్మ భర్త ఓబుళేసును బస్సు దిగుతుండగా బాంబులేసి చంపారు. ఆ ఏడూ, మరుసటేడూ ఆ వర్గం ఇండ్లలో పుట్టిన ప్రతి మగబిడ్డకూ ఆయన పేరే పెట్టుకున్నారు. చచ్చినవాణ్ణి చావనియ్యకుండా పిలుచుకోవడం అది. వాళ్ళే ఇప్పుడు పెరిగి పెద్దవాళ్ళై, సంఘంలో తండ్రుల వాటాలు తమ పేరున రాయించుకుని సభ్యులయ్యారు. ఎల్లుండి జరిగే సంఘం ఎన్నికల్లో వాళ్ళకది మొదటి ఓటు. ఆ ఎన్నికల్లో అధ్యక్షస్థానానికి నిలబడింది వనజమ్మే. అవతలి వర్గం ఆయన పదిహేనేండ్లుగా కూర్చున్న కుర్చీ అది. ఈసారి బాంబుల్లేకుండా, కట్టెల్లేకుండా, ఓట్లతోనే తేల్చుకుందామని రెండు పార్టీల పెద్దలూ ఒప్పుకుని, దేవుని ముందర కర్పూరం ముట్టించారు.

"ఓట్లు పోతే పోయె" అన్నది వనజమ్మ. గొంతు పెంచలేదు. "ఆ పేరు తుడిచినారు సూడు, అది మాత్రం మావాళ్ళు ఓర్చుకోలేరు. ఈ కాగితం ఊళ్ళో అతికించినాక నా మాట ఎవరూ ఇనరు. దీన్ని రాసినోడు ఎవరు?"

"నేనేనమ్మా" అన్నాడు మూలలోంచి అలీ అహ్మద్.

జాబితా నడిపే ప్రోగ్రామ్ రాసింది అతనే. ఇరవై ఏడేండ్లవాడు. దేవకుమారికి పని నేర్పింది కూడా అతనే. మాట్లాడితే నవ్వు ముందొచ్చే మనిషి. ఇప్పుడు పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

నారాయణ అతని వైపు తిరిగాడు. "నీ మేనమామ మా ఊర్లో పడమటి వీధిలో సెనక్కాయల యాపారం చేస్తాడు గదా అబ్బీ. వాళ్ళ ప్రెసిడెంటు మిద్దెలోనే అంగడి. దీనికేమంటావు?"

"మా మామకూ దీనికీ సంబంధం లేదన్నా."

"పనికి సంబంధం లేకపోవచ్చు. పేగుకుంటాది గదా."

వనజమ్మ చేయెత్తి మరిదిని ఆపింది. "సారూ, నాలుగు గంటలకు వస్తాం. అయిదుకు జాబితా అతికించాల. తీసినోడెవడో నాలుక్కల్లా చెప్పండి. చెప్పలేకపోతే ఈ అబ్బీ మాతోపాటు ఊరికొచ్చి నలుగురిలో చెప్తాడు. నేనుండంగ ఎవరూ చెయ్యి ఎయ్యరు." ఒక క్షణం ఆగి, "నేనుండంగ" అని మళ్ళీ అన్నది. ఆ రెండోసారి అన్న మాటకే దేవకుమారికి భయమేసింది.

వాళ్ళు మెట్లు దిగి పోయారు. వాకిట్లోని ఇద్దరు మాత్రం పోలేదు. కింద టీ అంగడి బల్ల మీద కూర్చున్నారు.

పాలయ్య సారు చెమట తుడుచుకుంటూ, "చేసినావా నాయనా?" అని అడిగాడు.

"సార్, మీరు గూడానా?"

"అడిగినా, అంతే."

పాత జాబితా, ఊరివాళ్ళు ఇచ్చిన ఫారాలు అన్నీ కంప్యూటర్లో అట్లాగే ఉన్నాయి. పాత జాబితాలో పంతొమ్మిది వందల పన్నెండు మంది. ఫారాలు రెండువేల పైచిలుకు. వాటన్నిటినీ టైపు చేసి పెడితే, ప్రోగ్రామ్ ఒక్కో ఫారాన్నీ చదువుతూ జాబితాను మార్చుకుంటూ పోతుంది. మళ్ళీ మొదటినుంచి నడిపిస్తే తప్పు మళ్ళీ జరుగుతుంది. జరిగేటప్పుడు పట్టుకోవాలి. దానికి డీబగ్గర్ అని ఒక పనిముట్టు ఉంది. పరుగెత్తే ప్రోగ్రామ్‌ను మనం చెప్పిన చోట నిలబెట్టి, అప్పుడు దాని చేతిలో ఏముందో చూపిస్తుంది. ఆ నిలబెట్టే చోటును బ్రేక్‌పాయింట్ అంటారు.

"ఒకే పేరు రెండుసార్లుంటే రెండోదాన్ని తీసేసే ముక్క ఒకటి రాసింటి" అన్నాడు అలీ అహ్మద్ కుర్చీ లాక్కుంటూ. "అదే అయ్యుంటాది."

అక్కడ బ్రేక్‌పాయింట్ పెట్టి నడిపించాడు. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగకుండా చివరిదాకా పోయింది. ఓబుళేసులు మళ్ళీ మాయమయ్యారు. ఆ ముక్క దగ్గరికి అసలు పోనేలేదు.

"అయితే తీసేసే ఫంక్షన్ దగ్గరే నిలబెడతా. పేరు ఓబుళేసు అయితేనే ఆగమని చెప్తా."

ఆ ప్రోగ్రామ్‌లో ఎవరి పేరు తీయాలన్నా ఒక్క ఫంక్షనే, అంటే ఒకే పని కోసం విడిగా రాసిన ముక్కే, చేస్తుంది. మిగతావన్నీ దాన్ని పిలిచి పని చేయించుకుంటాయి. ఊరికి ఒక మంగలి ఉన్నట్టు. పెండ్లికైనా చావుకైనా ఆయన్నే పిలుస్తారు.

ఈసారి ఆగింది. పేరు ఓబుళేసు. తెర మీద చూస్తే సవరణ ఫారం. పాస్‌బుక్ నెంబరు మార్చడం. మార్చాలంటే పాత వరస తీసేసి కొత్త వరస రాస్తుంది. న్యాయమే. అలీ అహ్మద్ ముందుకు పొమ్మన్నాడు. మళ్ళీ ఆగింది. ఓబుళేసే. ఇంటి నెంబరు సవరణ. మళ్ళీ ఆగింది. మళ్ళీ. పదకొండు మందికీ తలా నాలుగైదు సవరణలున్నాయి. ఆగిన ప్రతిసారీ తెర ఒకే తీరుగా కనబడుతున్నది. తీసేసే పని ఎవరికోసం చేసినా ఒకే తీరుగా ఉంటుంది కదా. ముప్పై దాటినాక అతని చూపు తెర మీద నిలవలేదు. వేలు తన పాటికి తాను నొక్కుకుంటూ పోయింది.

"అన్నా, ఆగు" అన్నది దేవకుమారి. "లెక్క చూడు."

అప్పటికే ఓబుళేసులు ఒక్కరూ లేరు. ఎక్కడో ఆ ముప్పై నలభై నిలుపుల మధ్య అసలు దొంగ అందరితో పాటు నడిచిపోయింది.

"మళ్ళీ చేద్దాంలే" అని అతనన్నాడో లేదో, ఫ్యాను ఆగిపోయింది. పన్నెండయింది. రెండు గంటల కోత.

"పక్కన కలమల్లలో పగలూ రాత్రీ కరెంటు పుట్టిస్తాంటారు" అన్నాడు పాలయ్య సారు. "బిడ్డను కన్నది మనం. ఎత్తుకొని ముద్దాడేది ఎవరో."

ఎవరూ నవ్వలేదు. యూపీఎస్ కూడా పదినిమిషాలకు కీచుమని అరిచి ఊరుకుంది.

అలీ అహ్మద్ కిటికీ దగ్గర నిలబడి కిందికి చూశాడు. ఆ ఇద్దరిలో ఒకడు తలెత్తి చూసి బీడీ ముట్టించాడు.

"కుమారీ, నాలుగు గంటలకు నేనే చేసినానని చెప్పేస్తా" అన్నాడు. "తెలీక పొరపాటున జరిగింది, దండం పెడ్తానంటా. కొడితే కొడ్తారు. సెంటరు జోలికి రాకుంటే సాలు."

"పొరపాటు నీదేనని నీకు తెలుసునా?"

"ఎవరిదైతే ఏంది? వాళ్ళకు ఒక మనిషి కావాల."

"లేని తప్పు ఒప్పుకుంటే నీ మామ చెప్తే చేసినావంటారు. అప్పుడు పడమటి వీధిలో మీ మామ ఉంటాడా?"

అంత పొడుగు మాట ఆ పిల్ల నోటినుంచి రావడం పాలయ్య సారు కూడా విని ఎరగడు.

దేవకుమారి సద్ది డబ్బా మూత తీసింది గానీ తినబుద్ధి కాలేదు. ఆగిన ప్రతిసారీ ఒకే తీరుగా ఉన్న ఆ తెరనే తలచుకుంటున్నది. ఎవరిని తీస్తున్నదో చూసి ఆపితే లాభం లేదు. అందరూ ఓబుళేసులే. మరి దేన్ని చూసి ఆపాలి?

ఆమెకు ఊరి మొగదాల ఉండిన పోలీసు పికెట్టు గుర్తుకొచ్చింది. వాళ్ళ ఊళ్ళోనూ రెండేండ్లు కక్షలు నడిచాయి. బడినుంచి వచ్చేటప్పుడు పికెట్టు ఎదురుగా చింతమొద్దు మీద కూర్చుని చూసేది. అక్కడ ఒక ముసలి కానిస్టేబులు ఉండేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ప్రతి గంపా దింపించి, ప్రతి మూటా విప్పించి, మధ్యాహ్నానికే అలసిపోయి చెట్టుకింద పడుకునేవాళ్ళు. ఈయన మాత్రం కుర్చీలోంచి లేచేవాడు కాదు. మొహం చూసేవాడు కాదు, పేరు అడిగేవాడు కాదు. "ఎవరింటికాన్నించి వస్తాండావు?" అనేవాడు. పాలకేంద్రం కాన్నించి అంటే పో అనేవాడు. కల్లంలోంచి అంటే పో. కక్ష నడిపే రెండు పెద్దిండ్లలో దేన్నుంచి వచ్చినా మాత్రం, పసిబిడ్డను చంకనేసుకున్న ఆడమనిషినైనా నిలబెట్టి గంప దింపించేవాడు. రెండేండ్లలో పట్టుకున్న వేటకొడవళ్ళన్నీ ఆయన పట్టుకున్నవే.

"అన్నా" అన్నది. "తీసేసే ఫంక్షన్‌ను ఎన్ని పిలుస్తాయి?"

"ఇందాకటి రెండో పేరు ముక్క పోతే మూడు. సవరణ, రాజీనామా, మరణం."

"ఎవరు పిలిస్తే ఆగాలో చెప్పలేమా?"

అలీ అహ్మద్ కిటికీ వదిలి వచ్చాడు. "నేరుగా చెప్పేదానికి మన దాంట్లో లేదు. పిలిచినోళ్ళెవరో ఆగినాక చూసుకోవచ్చు గానీ, చూసి ఆగమంటే ఆగదు."

"నేరుగా వద్దులే. తీసేసే ఫంక్షన్ కాడ ఒక బ్రేక్‌పాయింట్ పెట్టి, దాన్ని నిద్రపుచ్చుదాం. మరణం ఫంక్షన్ మొదట్లో ఇంకొకటి పెడదాం. అది ఆగకూడదు. ఊరికే ఆ నిద్రపోయేదాన్ని లేపి పోవాల. మరణం ఫంక్షన్ అయిపోయే చోట మూడోది. అది మళ్ళీ నిద్రపుచ్చి పోవాల."

అతను ఆమె మొహంలోకి చూశాడు. "అంటే సవరణ ఎన్నిసార్లు పిలిచినా అది పండుకోనే ఉంటాది."

"ఆ. మరణం పిలిస్తేనే మేలుకుంటాది."

"ఎవరు చెప్పినారు నీకు ఇది?"

"ఒక కానిస్టేబులు."

రెండు గంటలు దాటి ఏడు నిమిషాలకు ఫ్యాను తిరిగింది. అలీ అహ్మద్‌ను పక్కకు జరగమని ఆమే కంప్యూటర్ ముందు కూర్చుంది. ముందు రాజీనామాలకు పెట్టి చూసింది. తొమ్మిదిసార్లు ఆగింది. తొమ్మిదింటిలోనూ ఓబుళేసు లేడు. అడిగినవాళ్ళనే తీసింది. ఆ తరువాత మరణాలకు పెట్టింది.

మరణ ఫారాలు నలభై ఒకటి. మొదటిది ఆగింది. పేరు, ఊరు, సభ్యత్వం నెంబరు. తీసింది ఒకరిని. రెండోది అట్లాగే. ఈసారి ఆమె తొందరపడలేదు. ఆగిన ప్రతిసారీ జాబితాలో ఎంతమంది ఉన్నారో కాగితం మీద రాసుకుంది. ఒకటి తగ్గింది, ఒకటి తగ్గింది, ఒకటి తగ్గింది.

పదిహేడోసారి ఆగినప్పుడు పేరు ఓబుళేసు. నెంబరు దగ్గర సున్నా.

అడుగడుగూ లోపలికి నడిపించింది. నెంబరు ఉంటే ఆ నెంబరు మనిషిని తీయి అని ఉంది. లేకపోతే పేరూ ఊరూ కలిసినవాళ్ళను తీయి అని ఉంది. జాబితా మొత్తం తిరిగి వచ్చేసరికి పదమూడు మంది తగ్గారు.

"యా అల్లా" అన్నాడు అలీ అహ్మద్ మెల్లగా. "ఆ మాట నేనే రాసినా. పాత సభ్యులకు శానామందికి నెంబర్లు లేవని. ఇంతమందికి ఒకే పేరుంటుందని అనుకోలా."

దేవకుమారి తెరను కిందికి జరిపింది. ఆ ఫారం చివర టైపు చేసినవాళ్ళ గుర్తు ఉంది. అది తనదే. బీరువా తీసి ఫారాల కట్టలో ఆ కాగితం వెదికింది. దొరికింది. మరణించిన సభ్యుని పేరు ఓబుళేసు. మరణించిన సంవత్సరం పంతొమ్మిది వందల ఎనభై మూడు. సభ్యత్వం నెంబరు గడి ఖాళీ. వాటా ఎవరి పేరున మార్చాలి అన్నచోట భార్య, వనజమ్మ. కింద ఆమె సంతకం. ఒక్కొక్క అక్షరం విడిగా, నొక్కి నొక్కి పెట్టిన సంతకం.

అధ్యక్షస్థానానికి నిలబడాలంటే సంఘంలో సభ్యురాలై ఉండాలి. సభ్యురాలు కావాలంటే భర్త వాటా ఆమెకు మారాలి. అది మారాలంటే ఆయన చనిపోయాడని కాగితం ఇవ్వాలి. ఆ కాగితం ఇరవై ఏండ్లు ఎవరూ ఇవ్వలేదు.

"ఆమె ఇచ్చిన కాగితమే పిల్లోళ్ళందరినీ తీసేసింది" అన్నాడు పాలయ్య సారు. "ఈ మాట ఆ మనిషితో ఎట్లా చెప్తాము?"

"చెప్పొద్దు సార్" అన్నాడు అలీ అహ్మద్. "నేనే చేసినానని చెప్తా. ఈ మాటకంటే అదే మేలు."

"నేను చెప్తా" అన్నది దేవకుమారి.

నాలుగు కొట్టకముందే జీపు వచ్చింది. వనజమ్మ ఈసారి కూర్చుంది. నారాయణ కూర్చోలేదు. "దొరికినాడా?" అన్నాడు.

దేవకుమారి ఆమె ఎదురుగా నిలబడింది. చెప్పాల్సిన మాటలు మనసులో వరసగా పెట్టుకుంది గానీ నోరు తెరిస్తే మొదటిది దొరకలేదు. చేతిలోని ఫారాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇది మీరిచ్చిందే కదమ్మా?"

వనజమ్మ చూసింది. "ఊఁ."

"ఈ గడిలో నెంబరు రాయలేదు."

"పాత పుస్తకంలో ఆయనకు నెంబరు ల్యా. ఉండేది పేరే."

"నెంబరు లేకపోతే పేరు చూసి తీసేయమని దీనికి చెప్పి ఉంది. ఆయన పేరున్నోళ్ళు అందరూ ఆయనే అనుకునింది. అందరినీ ఆయనతోపాటు తీసేసింది."

నారాయణ బల్ల మీద చెయ్యి చరిచాడు. "ఏంది? మా వదిన కాగితం మీదికే తోస్తాండారా తప్పు? సంపినోళ్ళు ఊర్లో మీసం దువ్వుకుంటాండారు, తప్పు మాదా?"

"తప్పు అమ్మది కాదన్నా. ఖాళీగా ఉండేది నేను చూసినా. అడగకుండా టైపు చేసినా. అది నా తప్పు. ఖాళీగా ఉంటే అడగమని అలీ అన్న రాయలేదు. అది ఆయన తప్పు. తీసినోళ్ళు ఎవరూ లేరు."

"నమ్మమంటావా?"

"నమ్మొద్దు, చూడు. మళ్ళీ నడిపిస్తా."

అందరూ చూస్తుండగా మళ్ళీ నడిపించింది. పదహారుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ పోయినవాళ్ళ పేరు పైకి చదివింది. మూడో పేరుకు నారాయణ "అవును, మొన్న కార్తీకంలో పోయినాడు" అన్నాడు. ఏడో పేరుకు, "పాపం, మంచి మనిషి" అన్నాడు. పదిహేడోసారి ఆమె చదవలేదు. వేలు పెట్టి చూపించింది. ఆ తరువాత తీసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ తెర మీదికి వచ్చాయి.

నారాయణ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. "మావాళ్ళు పదకొండు. అన్నతో పన్నెండు." ఆగాడు. "పదమూడోవాడు ఎవడు?"

"ఓబుళేసు, డెబ్బై మూడేండ్లు, పడమటి వీధి" అని చదివింది దేవకుమారి.

పడమటి వీధి అవతలి వర్గానిది. ఆ ముసలాయనకు ఆ పేరు ఎవరి చావువల్లా వచ్చింది కాదు. అంతకు యాభై ఏండ్ల ముందే, కొండమీది దేవుని పేరని వాళ్ళమ్మ పెట్టుకుంది. ఆయన కొడుకులిద్దరూ వనజమ్మ భర్త హత్యకేసులో ముద్దాయిలు. కేసు కొట్టేశారు.

"ఆ ముసిలోడా" అన్నాడు నారాయణ. గొంతులోని కోపం కొంచెం దిగింది. వాళ్ళ మనిషిని కూడా తీసేసిందంటే ఇందులో వాళ్ళ చెయ్యి లేదని అతనికీ అర్థమైంది. కాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "సరే, మావాళ్ళ పదకొండు పేర్లూ ఎక్కించండి. వానిది అట్లే ఉండనీ వదినా. వాళ్ళు సూసుకోలేదు గదా. ఒక ఓటు తగ్గితే మనకే మంచిది."

వనజమ్మ దేవకుమారి వైపు తిరిగింది. "నువ్వేం చేస్తావు పాపా?"

దేవకుమారి కండ్లు దించుకోలేదు.

"పొద్దున ఈ అన్న అడిగినాడు గదమ్మా, ఇది మిషన్ చేసే పనా, మనిషి చేసే పనా అని. ఇంతవరకూ మిషన్ చేసిందే. బతికుండే పన్నెండు మందిలో పదకొండు మందినే ఎక్కిస్తే, అప్పుడు మనిషి తీసినట్టే అవుతుంది. తీసింది నేనే అవుతా."

అలీ అహ్మద్ గోడకు ఆనుకున్నాడు.

వనజమ్మ ఆ ఫారాన్ని దగ్గరికి లాక్కుని తన సంతకాన్ని చాలాసేపు చూసింది.

"ఇరవై ఏండ్లు ఈ కాగితం రాయనీలేదు నేను" అన్నది. "రాస్తే ఆయన పోయినట్టు అని. పగ తీరినాకనే రాస్తానని మా అత్త ముందర అనింటి. ఈ మధ్య మావాళ్ళు పదకొండు మంది ఆ పేరుతో తిరుగుతాంటే నాకు బయమేసింది పాపా. పేరుతో పాటు పగ గూడా ఇచ్చినామేమో పిల్లోళ్ళకు అని. అందుకే రాసినా. రాస్తే ఇట్లయింది." నవ్వబోయి ఊరుకుంది. "ఎక్కించు. పన్నెండు మందినీ."

"వదినా..."

"పన్నెండు మందినీ అని చెప్తాండా."

దేవకుమారి ఫారంలో ఖాళీగా ఉన్న గడికి ఎదురుగా ఒక నెంబరు వేసింది. ఎవరికీ లేని కొత్త నెంబరు. అదే నెంబరును పాత జాబితాలో ఎనభై మూడులో పోయిన ఆ ఒక్క ఓబుళేసుకు ఇచ్చి, మళ్ళీ నడిపించింది. ఈసారి పదిహేడో ఫారానికి ఒక్కరే తగ్గారు. ప్రింటరు గొంతు చించుకుంటూ పుటలు బయటికి తోసింది. వనజమ్మ చదవలేదు. దేవకుమారి చేత చదివించుకుని పన్నెండు పేర్లూ విన్నది. పన్నెండోది అయినాక, "ఇంక లేవా?" అని అడిగింది.

"లేవమ్మా."

"సరే" అన్నది. పైట చెంగుతో మొహం తుడుచుకుని లేచింది. "పడమటి వీధి ముసిలాయన పేరు వేరే కాగితం మీద తీసియ్యి. ఇట్ల పోయింది, ఇట్ల ఎక్కింది అని రాసి సారు సంతకం ఎయ్యమను. నేనే పోయి ఇస్తా."

"నువ్వా?" అన్నాడు నారాయణ. "ఆ వీధిలో నువ్వు అడుగుపెట్టి ఇరవై ఏండ్లాయ. నేను పంపిస్తాలే ఎవరినైనా."

"ఎవర్ని పంపినా ఎవరు పంపినారని అడుగుతారు. నేను పోతే అడిగే పని ఉండదు."

నారాయణ కొత్త జాబితా చంకన పెట్టుకున్నాడు. పాలయ్య సారు సంతకం పెట్టి కాగితం ఇచ్చాడు. ఆమె దాన్ని మడవకుండా రెండు చేతుల్తో పట్టుకుని మెట్ల వైపు నడిచింది. వాకిలి దగ్గర ఒక్కసారి ఆగి అలీ అహ్మద్‌ను చూసింది. "నీ మామకు చెప్పు అబ్బీ, నేను ఆ పక్కకు వస్తాండానని. ఉత్త చేతుల్తో వస్తాండానని గూడా చెప్పు. నన్ను చూసి వాళ్ళు తలుపులు మూసుకోకుండా."

జీపు సందు దాటి జమ్మలమడుగు రోడ్డు వైపు మళ్ళిన చప్పుడు వినబడింది. టీ అంగడి బల్ల ఖాళీ అయింది.

"ఎన్నికల్లో ఏమవుతుందో ఏమో" అన్నాడు పాలయ్య సారు.

దేవకుమారి అప్పటికే ప్రోగ్రామ్ తెరిచి ఆ వాక్యం దగ్గరికి పోయింది. నెంబరు లేకపోతే పేరు చూసి తీయి అన్నదాన్ని కొట్టేసింది. నెంబరు లేకపోతే ఆగి, ఆ పేరున్నవాళ్ళను అందరినీ చూపించి, ఎవరని అడుగు అని రాయాలి. అలీ అహ్మద్ ఆమె వెనకాలే నిలబడి రెండు వరసలు చూశాడు. తరువాత కిందికి, ఫోన్ ఉన్న అంగడి వైపు కదిలాడు.

"యాడికన్నా?"

"ముందు మామకు చెప్పాల. ఆ తరువాత మా అమ్మకు" అన్నాడు. "రాత్రికి అన్నం నాకు గూడా వండమని."